నల్లిని ఎవరు తెచ్చారు?

పోయిన చలికాలం మా ఇంట్లో నల్లులు పడ్డాయి. ఈ ఒక్క మాట అచ్చులో పెట్టడానికి మాకు ఏడాది పట్టింది. జ్వరం వస్తే చెప్పుకుంటాం, జీతం ఆగితే చెప్పుకుంటాం, నల్లుల సంగతి మాత్రం పక్కింటి తెలుగువాళ్ళకి కూడా చెప్పం. ఎందుకు చెప్పమో, చెప్పకపోతే ఏమవుతుందో ఈ సంచికలో రాయాలనుకున్నాం. దానికోసం నల్లి చరిత్ర కొంచెం తవ్వాల్సి వచ్చింది. తవ్వుతుంటే అది మన వలస చరిత్ర పక్కనే నడిచినట్టు తేలింది.

ముందు మా సంగతి. బ్రాక్‌నెల్‌లో గ్రేట్ హాలండ్స్ వైపు మూడు బెడ్‌రూముల ఇంట్లో ఐదుగురం ఉండేవాళ్ళం, అందరం సైటు పనివాళ్ళమే. అక్టోబర్‌లో నిజామాబాద్ జిల్లా తమ్ముడొకడు గల్ఫ్ నుంచి వచ్చి ఆరోవాడుగా చేరాడు. నవంబర్‌లో ఇద్దరికి మెడ మీద, చేతుల మీద వరసగా దద్దుర్లు లేచాయి. సిమెంటు పడలేదనుకున్నాం. ఒక రాత్రి టార్చి వేసి చూస్తే పరుపు కుట్టు వెంబడి నల్లటి చుక్కలు, వాటి పక్కన కందిబద్ద రంగులో చదునైన పురుగు. చిన్నప్పుడు చూసినదే. గుర్తుపట్టడానికి క్షణం పట్టలేదు.

తీర్పు చెప్పడానికీ క్షణం పట్టలేదు. "క్యాంపు నుంచి తెచ్చినావురా" అన్నాం. తమ్ముడి సూట్‌కేసు వానలో బయట పెట్టించాం. వాణ్ణి హాల్లో కింద పడుకోమన్నాం. మూడో రోజు పొద్దున్నే వాడు సంచి సర్దుకుని రెడింగ్‌లో దోస్తు గదికి వెళ్ళిపోయాడు. మేము ఆపలేదు.

వాడు పోయాక కూడా కాట్లు ఆగలేదు.

పాత చుట్టం

నల్లి మొదట గబ్బిలాల మీద బతికిన జాతి పురుగు. మనిషి గుహల్లో తలదాచుకున్న కాలంలో మనిషి రక్తం మరిగిందని శాస్త్రజ్ఞులు చెప్తారు. 1758లో లిన్నేయస్ దానికి సైమెక్స్ లెక్టులేరియస్ అని పేరు పెట్టాడు. లాటిన్‌లో లెక్టులస్ అంటే చిన్న మంచం. పేరులోనే మంచం ఉందన్నమాట.

ఈజిప్టులో అమర్నా అనే చోట మూడు వేల మూడువందల ఏళ్ళకు పైబడిన నల్లుల అవశేషాలు దొరికాయి. రాజు అంతఃపురంలో కాదు, పనివాళ్ళ వాడలో. రాజులకు సమాధులు తొలిచే కూలీలకు ఊరికి దూరంగా, గోడకు గోడ ఆనుకుని, అన్నీ ఒకే కొలతతో కట్టించిన ఇళ్ళు అవి. ఇవాళ్టి లేబర్ క్యాంపు ప్లాను పక్కన పెట్టి చూస్తే మా లాంటివాళ్ళకి కొత్తగా ఏమీ అనిపించదు. దగ్గర దగ్గరగా మంచాలు, మనుషుల రాకపోకలు. నల్లికి కావాల్సింది ఈ రెండే. మురికి దానికి తిండి కాదు, మనిషి రక్తమే తిండి.

మన దేశంలో ఇది ఎంత పాతదో మన కథలే చెప్తాయి. శివుడు కొండ మీద, విష్ణువు పాము మీద పడుకోవడం నల్లుల బాధ పడలేకేనని చమత్కరించే చాటు పద్యం పెద్దవాళ్ళ నోట వినే ఉంటారు. పంచతంత్రంలో పేను, నల్లి కథ కూడా ఉంది. రాజుగారి పక్కలో పేను ఎన్నాళ్ళుగానో గుట్టుగా బతుకుతుంటుంది. చుట్టంగా వచ్చిన నల్లి ఆగలేక, రాజుకు నిద్ర పట్టకముందే కుడుతుంది. రాజు కేకలు పెడతాడు. భటులు దీపాలు తెచ్చి వెతుకుతారు. ఈలోపు నల్లి మంచం సందులోకి దూరుకుంటుంది. దుప్పటి మడతలో పేను దొరుకుతుంది, దాన్ని చంపేస్తారు. కుట్టినది ఒకటి, చచ్చినది ఇంకొకటి. మా ఇంట్లో జరిగిందీ ఇంచుమించు ఇదే.

ఊళ్ళలో మన అమ్మమ్మలు దీన్ని ఎలా ఎదుర్కొన్నారో మనందరికీ గుర్తే. ఎండాకాలం మిట్టమధ్యాహ్నం మంచాలు వాకిట్లోకి ఈడ్చి, కోళ్ళూ పట్టెలూ కలిసే సందుల్లో మరిగే నీళ్ళు పోసేవాళ్ళు. నులక మంచాన్ని ఎత్తి నేలకేసి కొట్టేవాళ్ళు. నల్లులు రాలితే కోళ్ళు వచ్చి ఏరుకునేవి. కోడి ఈకతో సందుల్లో కిరోసిన్ పూసేవాళ్ళు. నల్లులు సినిమా హాళ్ళలోనూ ఉండేవి. నేల టికెట్ వాడు హాయిగా సినిమా చూస్తే, కుర్చీ టికెట్ వాడు గోక్కుంటూ చూసేవాడని మా పెద్దలు నవ్వేవారు. అప్పట్లో అది ఊరందరి బాధ కాబట్టి నవ్వుకున్నారు. అందరికీ ఉన్నదానికి సిగ్గు ఉండదు.

మేస్త్రీ గదుల్లో

సిగ్గు మొదలయ్యేది ఊరు దాటాక. బ్రిటిష్ కాలంలో కాకినాడ, విశాఖపట్నం వైపు నుంచి వేలాదిమంది ఓడలెక్కి రంగూన్ పోయారు. కోరంగి రేవు పేరు మీద బర్మావాళ్ళు తెలుగువాళ్ళని కోరంగీలు అనేవారు. ఓడరేవులో మూటలు మోసింది, రిక్షాలు లాగింది ఎక్కువగా మనవాళ్ళే. మేస్త్రీ అడ్వాన్సు ఇచ్చి తెచ్చేవాడు. ఒకే గదిలో లెక్కకు మించి మనుషులుండేవారు, జాగా చాలక వంతుల మీద పడుకునేవారు. రంగూన్ గదుల్లోని ఈ రద్దీ అప్పటి ప్రభుత్వ రికార్డులకీ ఎక్కింది.

బొంబాయిలో కామాఠీపురకు ఆ పేరు నిజాం రాజ్యం నుంచి వెళ్ళి అక్కడ కట్టడం పనులు చేసిన తెలుగు కామాటీల వల్లే వచ్చింది. బొంబాయి కట్టడానికి వెళ్ళినవాళ్ళు బొంబాయి చాల్‌లలో ఒక్కో గదికి పదిమంది లెక్కన ఉన్నారు. పాలమూరు లేబర్ దేశమంతా తిరిగి డ్యాములు కట్టి, డ్యాము పక్కన గుడిసెల్లో పడుకున్నారు. ఆ తర్వాత మన వంతు వచ్చింది. దుబాయ్, మస్కట్, దోహా క్యాంపులు, రెండంతస్తుల ఇనుప మంచాలు. మాలో ఇద్దరం అలాంటి క్యాంపులో ఉండి వచ్చినవాళ్ళమే. పగలు డ్యూటీ వాడు లేస్తే నైటు డ్యూటీ వాడు అదే పరుపు మీద వాలేవాడు. పరుపు చల్లబడేది కాదు. ఇరవై నాలుగు గంటలూ మనిషి వేడి దొరికే మంచం కన్నా నల్లికి ఇంకేం కావాలి?

ఇక్కడ సైటులో టీ బ్రేకప్పుడు ఈ మాట ఎత్తితే పక్కనున్న పోలండ్ అతను "ప్లుస్‌క్వా" అన్నాడు, రొమేనియా అతను "ప్లోష్‌నిత్సా" అన్నాడు, పంజాబీ పెద్దాయన "ఖట్మల్" అన్నాడు. అందరికీ తెలుసు. ఇంట్లో ఉన్నాయని మాత్రం ఎవరూ అనలేదు. మేమూ అనలేదు.

ఇంగ్లాండులో నల్లి కొత్తది కాదు

మనవాళ్ళు వచ్చాకే ఈ దేశానికి నల్లులు వచ్చాయని ఎవరైనా అంటే ఈ లెక్క చెప్పండి. 1583లో లండన్ దగ్గర థేమ్స్ ఒడ్డున మోర్ట్‌లేక్‌లో ఇద్దరు గొప్పింటి స్త్రీలు ఒంటి మీద దద్దుర్లు చూసుకుని ప్లేగు వచ్చిందని హడలిపోయారు. వైద్యుడు థామస్ మోఫెట్ ఆ ముచ్చట రాసిపెట్టాడు. అవి నల్లి కాట్లు.

1666లో లండన్ తగలబడింది. ఊరు తిరిగి కట్టడానికి విదేశీ కలప దిగింది. నల్లులు ఆ కలపతోనే వచ్చాయని జాన్ సౌతాల్ అనే ఆయన 1730లో నల్లుల మీదే ఒక పుస్తకం అచ్చువేసి చెప్పాడు. కానీ అంతకు ఎనభై ఏళ్ళ ముందే మోర్ట్‌లేక్‌లో ఉన్నాయి కదా! నింద అప్పుడే బయటినుంచి వచ్చినదాని మీదకు పోయింది. ఇంకో విషయం కూడా ఉంది. సౌతాల్ అమ్ముకున్న నల్లుల మందు ఆయన కనిపెట్టింది కాదు. జమైకాలో ఒక ముసలి నల్లజాతి మనిషి దగ్గర నేర్చుకున్నానని ఆయనే రాశాడు. మందు మాత్రం తన రహస్యంగా దాచుకుని లండన్‌లో అమ్మాడు.

తర్వాతి శతాబ్దంలో హెన్రీ మేహ్యూ అనే పత్రికా రచయిత లండన్ కష్టజీవుల గురించి రాస్తూ, రాజకుటుంబానికి నల్లులు పట్టే టిఫిన్ అనే పనివాడితో మాట్లాడాడు. రాజకుమారి షార్లెట్ మంచంలో వెతుకుతుంటే ఆమె కళ్ళముందే ఒకటి దొరికిందని ఆయన చెప్పుకున్నాడు. అంటే నల్లి రాజకుమారినీ వదల్లేదు. రాజకుమారికి పట్టేవాడున్నాడు, పేదవాడికి లేడు. తేడా అంతే.

పేదవాడి పడకల సంగతి చట్టం దాకా వచ్చింది 1851లో. పనికోసం ఊళ్ళు తిరిగేవాళ్ళు రాత్రికి ఇంతని ఇచ్చి పడుకునే లాడ్జింగు ఇళ్ళను రిజిస్టరు చేయాలని, తనిఖీ చేయాలని అప్పుడు చట్టం చేశారు. రైల్వేలు, కాలువలు తవ్విన ఐర్లండ్ కూలీలు అలాంటి ఇళ్ళలోనే పడుకున్నారు.

1930లలో లండన్, లీడ్స్ లాంటి చోట్ల మురికివాడలు కూలగొట్టి జనాన్ని కొత్త కౌన్సిల్ ఇళ్ళకు మార్చారు. సామాను నేరుగా కొత్త ఇంటికి పోనిచ్చేవారు కాదు. చాలాచోట్ల మూసిన వ్యానులో పెట్టి హైడ్రోజన్ సయనైడ్ పొగ పట్టించేవారు. అది మనుషుల్ని చంపే విషం. దాని వాడకాన్ని అదుపు చేయడానికి 1937లో విడిగా చట్టమే చేయాల్సి వచ్చింది. వీధంతా చూస్తుండగా మంచాలూ పరుపులూ ఆ వ్యాను ఎక్కుతుంటే ఆ ఇంటి ఇల్లాలికి ఎలా ఉండి ఉంటుంది? నల్లులకూ సిగ్గుకూ ముడి ఎలా పడిందో ఇలాంటి చోట్లే అర్థమవుతుంది.

మందు వచ్చింది, పోయింది

డీడీటీ పురుగుల్ని చంపుతుందని పాల్ ముల్లర్ 1939లో కనిపెట్టాడు. 1948లో నోబెల్ బహుమతి ఇచ్చారు. గోడకు ఒకసారి కొడితే నెలల తరబడి పనిచేసేది. యుద్ధం తర్వాత బ్రిటన్‌లో, అమెరికాలో నల్లి దాదాపు కనిపించకుండా పోయింది. మన దేశంలో 1953లో మలేరియా నియంత్రణ కార్యక్రమం మొదలై ఊరూరా గోడలకు డీడీటీ కొట్టారు. తర్వాత ఇళ్ళలోకి గమాక్సిన్ పొడి, టిక్ ట్వంటీ వచ్చాయి.

కానీ నల్లి నేర్చుకుంది. హవాయిలో పెర్ల్ హార్బర్ సైనిక బ్యారక్‌లలో డీడీటీకి చావని నల్లులు 1947లోనే కనిపించాయి. మందుకు తట్టుకున్న కొన్ని మిగిలి, వాటి సంతానమే ఇల్లంతా నిండుతుంది. తర్వాత వచ్చిన పైరెత్రాయిడ్ మందులకూ ఇదే గతి పట్టింది. 1990ల చివరినుంచి లండన్, న్యూయార్క్ లాంటి ఊళ్ళలో నల్లులు మళ్ళీ పెరిగాయి. 2023లో పారిస్‌లో గగ్గోలు లేచినప్పుడు, ఇది వలస వచ్చినవాళ్ళ వల్లేనా అని టీవీలోనే అడిగారు. సౌతాల్ కలపను అన్నట్టే.

మన దేశపు వేడి ప్రాంతాల్లో ఎక్కువగా ఉండేది ఉష్ణమండల నల్లి, ఇక్కడ ఎక్కువగా ఉండేది మామూలు నల్లి. రెండు వేర్వేరు జాతులు. మామూలు కంటికి తేడా తెలియదు. అలాంటప్పుడు పురుగును చూసి "ఇది గల్ఫ్‌ది" అని మేము ఎలా తేల్చామో మాకే తెలియదు.

ఈ ఊరు ఎందుకు కట్టారు

బ్రాక్‌నెల్ ఒకప్పుడు చిన్న సంత ఊరు. బాంబులకు కూలిన, జనం కిక్కిరిసిన లండన్ నుంచి మనుషుల్ని తెచ్చి గాలీ వెలుతురూ ఉన్న ఇళ్ళలో పెట్టాలని 1949లో దీన్ని న్యూ టౌన్‌గా ప్రకటించారు. మొదటి ప్లాను పాతిక వేల మందికి. ప్రీస్ట్‌వుడ్‌తో మొదలుపెట్టి ఒక్కో పేట కట్టుకుంటూ పోయారు. అంటే ఒక్కో గదిలో కుక్కిన మనుషుల్ని విడదీయడానికి పుట్టిన ఊరిది. అవే పేటల్లో, మూడు గదుల ఇంట్లో, ఇవాళ మేము ఆరుగురం. గోడలు బాగున్నాయి, ప్లానూ బాగుంది. అద్దె మాత్రం ఒక్కడి జీతానికి అందదు. అందుకే మళ్ళీ కుక్కుకున్నాం.

దీనికీ ఇప్పుడు చట్టం ఉంది. ఇంగ్లాండులో ఒకే కుటుంబం కాని ఐదుగురు, అంతకు మించి ఒకే ఇంట్లో వంటగదీ బాత్రూమూ పంచుకుంటుంటే ఆ ఇంటికి కౌన్సిల్ లైసెన్స్ ఉండాలి. అలాంటి ఇంట్లో పడకగది ఒక పెద్దమనిషికి కనీసం 6.51 చదరపు మీటర్లు, ఇద్దరికి 10.22 ఉండాలి. టేపు మన జేబులోనే ఉంటుంది, సైటులో రోజూ వాడతాం. మా గది మేము ఎప్పుడూ కొలవలేదు. ఇల్లు నివాసయోగ్యంగా ఉంచే బాధ్యత యజమానిదని 2018లో చేసిన చట్టం 2019 మార్చి నుంచి అమల్లో ఉంది. పురుగుల బెడద కూడా దాని కింద చూస్తారు. యజమాని పట్టించుకోకపోతే బ్రాక్‌నెల్ ఫారెస్ట్ కౌన్సిల్‌కి చెప్పవచ్చు. నోటితో చెప్పి ఊరుకోకండి. మెసేజ్ గానీ ఈమెయిల్ గానీ పెట్టి, ఫోటోలు తేదీతో దాచుకోండి.

మేము ఏం చేశాం

తమ్ముడు వెళ్ళిన రెండు వారాలకు, వేసవిలో మేమే రోడ్డు పక్కన "ఫ్రీ" అని రాసి ఉంటే మోసుకొచ్చిన చెక్క మంచాన్ని విప్పాం. తలవైపు పలక వెనక, స్క్రూ రంధ్రాల్లో, గుడ్లతో సహా కొలువు ఉంది. అది తమ్ముడు రాకముందు నుంచీ మా ఇంట్లో ఉన్న మంచం. పైగా వాడు వెళ్ళిన రెడింగ్ గదిలో నెల తిరక్కుండా నల్లులు కనిపించాయి. వాడు మా ఇంటికి తేలేదు, మా ఇంటి నుంచే పట్టుకుపోయాడు. ఫోన్ చేసి తప్పయిందని చెప్పాం. "పర్లేదన్నా" అన్నాడు. తిరిగి మాత్రం రాలేదు.

మిగతాది పని కాబట్టి పని లెక్కలోనే చెప్తాం.

మొదట ఇంట్లో అందరం కూర్చుని మాట్లాడుకున్నాం. ఎవరి గది నుంచి అన్న మాట వద్దనుకున్నాం. ఒక్క గదికి మందు కొడితే పక్క గదికి పోతాయి కాబట్టి అన్ని గదులూ ఒకే రోజు చేయాలి. పరుపు కుట్లు, మంచం కీళ్ళు, స్కర్టింగ్ పలకల వెనక, కర్టెన్ మడతలు టార్చితో వెతికి వ్యాక్యూమ్ పట్టాం. వ్యాక్యూమ్ సంచిని వెంటనే మూతికట్టి బయట పడేశాం. బట్టలు, దుప్పట్లు 60 డిగ్రీల నీళ్ళలో ఉతికి, డ్రయ్యర్‌లో వేడి మీద అరగంటకు తక్కువ కాకుండా తిప్పాం. ఉతకడానికి వీల్లేనివి సంచిలో కట్టి నాలుగు రోజులు ఫ్రీజర్‌లో పెట్టాం. ఎండలో మంచం వేసిన అమ్మమ్మ చేసిందీ ఇదే పని. యాభై డిగ్రీలు దాటిన వేడిలో నల్లి నిలవదు. ఇక్కడ ఆ ఎండ లేదు, డ్రయ్యర్ ఉంది.

మందు కొట్టే పని మాత్రం లైసెన్స్ ఉన్నవాళ్ళకే ఇచ్చాం. యజమానికి రాతపూర్వకంగా అడిగాక సగం ఖర్చు పెట్టుకున్నాడు. ఒకసారితో పోదు. గుడ్లు వారం, పది రోజుల్లో పిల్లలవుతాయి, అందుకే రెండోసారి రావాలి. తిండి లేకపోయినా నల్లి నెలల తరబడి బతుకుతుంది కాబట్టి గది ఖాళీ చేసి వేరేచోట పడుకుంటే పోతుందనుకోవద్దు. మీ వెంటే వస్తుంది.

చేయకూడనిది ఒకటుంది, అన్నిటికన్నా ముఖ్యమైనది. ధాన్యం నిల్వల్లో వేసే అల్యూమినియం ఫాస్ఫైడ్ మాత్రలు ఇంట్లో వాడొద్దు, ఊరినుంచి తెప్పించుకోవద్దు. అవి వదిలే వాయువు గోడ సందుల గుండా పక్కింటికీ పోతుంది. 2021 డిసెంబర్‌లో తూర్పు లండన్ షాడ్‌వెల్‌లో ఒక అపార్ట్‌మెంట్లో నల్లుల కోసం ఆ మందు వాడితే, అదే భవనంలో వేరే ఇంట్లో ఉన్న 11 ఏళ్ళ పాప చనిపోయింది. గల్ఫ్‌లోనూ ఇలాగే పిల్లలు పోయారు. కిరోసిన్, పెట్రోల్ కూడా వద్దు. నల్లి కాటు దురద పెడుతుంది, నిద్ర చెడగొడుతుంది. మనుషులకు జబ్బులు అంటించినట్టు మాత్రం రుజువు లేదు. దురద పోగొట్టడానికి ప్రాణం మీదికి తెచ్చుకోకూడదు.

రోడ్డు పక్కన ఫ్రీ మంచం కనబడితే స్క్రూ రంధ్రాలు చూడకుండా ఇంట్లోకి తేవద్దు. నల్లులున్న పరుపు పారేయాల్సి వస్తే ప్లాస్టిక్‌లో చుట్టి, పైన పెద్ద అక్షరాలతో రాసి పెట్టండి. ఆ మంచం ఎవరు పెట్టారో మాకు తెలియదు. వాళ్ళూ మనలాగే సిగ్గుపడి చెప్పకుండా పెట్టి పోయి ఉంటారు.

అమర్నా నుంచి బ్రాక్‌నెల్ దాకా నల్లి మనిషి నోరు మూసుకున్నప్పుడే పెరిగింది. మొదటి కాటు రోజే ఇంట్లో చెప్పండి, పక్క గదివాళ్ళకి చెప్పండి, మన సంఘానికి ఫోన్ చేయండి. ఎవరైనా మీతో చెప్తే వాళ్ళ సూట్‌కేసు బయట పెట్టకండి. టార్చి తీసుకుని ముందు మీ మంచం విప్పి చూడండి.